కుంట తరఫున మాట్లాడేది ఎవరు?

మేడారం జాతరకు వచ్చినవాళ్లు గద్దెల దగ్గరికి పోయే ముందు జంపన్న వాగులో మునుగుతారు. ఆ వాగు పాత పేరు సంపెంగ వాగు. కప్పం కట్టలేదని కాకతీయుల సైన్యం మా వాళ్ల మీదికి వచ్చినప్పుడు సమ్మక్క కొడుకు జంపన్న ఆ వాగులోనే ప్రాణం విడిచాడని, నీళ్లు ఎర్రబారాయని, అప్పటి నుంచి వాగుకు అతని పేరే నిలిచిందని మా పెద్దలు చెబుతారు. బయటివాళ్లకు అది ఒక కథ. కోయలమైన మాకు అది వాగు పేరు, మనిషి పేరు కూడా. రెంటినీ విడదీసి చూడటం మాకు అలవాటు లేదు. మా భాషలో నీళ్లను ఏరు అంటాం. తెలుగులో ఏరంటే పారే వాగు, నది. మాకు మాత్రం చెంబులో ఉన్నా, చెలిమెలో ఉన్నా, కుంటలో ఉన్నా అది ఏరే.

మేడారం గద్దెల మీద విగ్రహాలు లేవు. వెదురు, కుంకుమ భరిణె, అవే తల్లులు. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. మన దేశపు కోర్టుల్లో గుడిలోని విగ్రహానికి వ్యక్తి హోదా ఉంది. దేవుడి పేరున భూమి ఉండొచ్చు. దేవుడి తరఫున దావా వేయొచ్చు. కంపెనీకి కూడా ఆ హోదా ఉంది. దానికి రక్తమాంసాలు లేకపోయినా అది ఆస్తి కొంటుంది, కేసు పెడుతుంది, కేసులో నిలబడుతుంది. వాగుకు, కుంటకు, ఊటకు ఆ హోదా లేదు. విగ్రహం లేని దేవుళ్లను కొలిచే మాలాంటి వాళ్ల దేవుళ్లు నీటిలో, చెట్టులో, గుట్టలో ఉంటారు కాబట్టి, ఆ దేవుళ్లకూ కోర్టులో చోటు దొరకదు.

ఈ లోటు మాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. మా ఊరి కుంట దగ్గర తెలిసింది.

మా కుంట పది పన్నెండు ఎకరాలు ఉంటుంది. దాని కట్ట మా ముత్తాతలు పోసింది. కుంట పైభాగంలో, గుట్ట నుంచి వాగు దిగేచోట, ఎప్పుడూ తడి ఆరని నేల ఉంది. దాన్ని మేం జౌకు అంటాం. మేం పిల్లలకు చెప్పే పరిసరాల విజ్ఞానం పాఠంలో దాన్ని చిత్తడి నేల అంటారు. డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో మాకూ ఆ మాట పరీక్ష రాయడానికి పనికొచ్చింది తప్ప, అది మా జౌకు గురించేనని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మా బడి పిల్లలను ఆ పాఠం రోజున జౌకు అంచుకు తీసుకుపోతాం. తుంగ ఎక్కడ మొలుస్తుందో, జమ్ము ఎక్కడ మొదలవుతుందో, కాలు ఎక్కడ మోకాలి దాకా దిగుతుందో మాకంటే వాళ్లకే బాగా తెలుసు.

జౌకు చేసే పని చాలా ఉంది. గుట్ట మీద పడిన వాన ఒక్కసారిగా కిందికి ఉరుకుతుంది. జౌకులోకి రాగానే తుంగ, జమ్ము మధ్య దాని వేగం తగ్గుతుంది. మట్టి అక్కడే దిగబడుతుంది. కుంటలోకి తేటనీళ్లు పోతాయి. జౌకు తాగిన నీళ్లు మెల్లమెల్లగా భూమిలోకి దిగి, కింద బావుల్లో, వాగు ఇసుకలో తీసే చెలిమెల్లో ఎండాకాలం దాకా ఊరుతాయి. తొలకరి వరదకు చేపలు మత్తడి దాటి ఎదురెక్కి, లోతు తక్కువ ఉన్న ఆ జౌకులోనే గుడ్లు పెడతాయి. కొర్రమట్ట పిల్లలు గుంపుగా తిరిగేది అక్కడే. పొన్నగంటి కూర, తూటికూర అక్కడే దొరుకుతాయి. ఎండ్రికాయలు, నత్తలు అక్కడివే. కుంట అంచున నివ్వరి తనంతట తానే మొలుస్తుంది. కొంగలు, నీటికోళ్లు, బాతులు ఏ కాలంలో వస్తాయో మా ఆడవాళ్లు తిథులతో చెబుతారు. జౌకు లేకపోతే కుంట ఉత్త గుంట.

రెండేళ్ల కింద మా ఊరి పక్క రోడ్డు వెడల్పు చేశారు. గుట్ట కోసిన మట్టి, రాళ్లు ఎక్కడ పోయాలో కాంట్రాక్టరుకు తోచలేదు. వాగు జౌకులోకి దిగేచోట పోయించాడు. రోడ్డు కింద వేసిన పైపు కూడా ఎత్తు మీద వేశారు. ఆ వానాకాలం వాగు దారి తప్పింది. సగం నీళ్లు రోడ్డు పక్క కాలువ పట్టి అవతలికి పోయాయి. కుంట నిండలేదు, మత్తడి దుంకలేదు. చేపలు ఎదురెక్కలేదు. మాఘం దాటకుండానే బావుల్లో బొక్కెన అడుగు తగిలింది.

మేం అర్జీ రాశాం. ఊళ్లో చదువుకున్నవాళ్లం మేమే కాబట్టి రాసే పని మాకే వస్తుంది. ఆఫీసులో అడిగిన మొదటి ప్రశ్న: నష్టం ఎవరికి? తర్వాత: పట్టా నంబరు ఎంత? ఎన్ని గుంటల పంట పోయింది? మత్తడి కింద ముగ్గురు రైతులకు వరి ఎండింది. వాళ్ల పేర్లు రాసుకున్నారు. కూర ఏరుకునే ఆడవాళ్ల పేర్లు రాయడానికి గడి లేదు, వాళ్లకు పట్టా లేదు. చేపల పేరు రాయడానికి గడి లేదు. కుంట పేరు రాయడానికి అసలే లేదు. ముగ్గురు రైతులకు ఏదో కొంత ఇస్తే అర్జీ ముగిసినట్టే. మట్టి మాత్రం జౌకు మీదే ఉంటుంది. ఆ కాగితం లెక్కలో కుంటకు ఏమీ కాలేదు.

అప్పుడే మేం ప్రకృతి హక్కుల చట్టాల గురించి చదవడం మొదలుపెట్టాం. 1972లో అమెరికాలో క్రిస్టఫర్ స్టోన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు చెట్లకు కోర్టులో నిలబడే అర్హత ఎందుకు ఉండకూడదని అడిగాడు. కంపెనీకి, మైనరు పిల్లలకు సంరక్షకుడి ద్వారా హక్కులు దక్కుతున్నప్పుడు నదికి, అడవికి ఎందుకు దక్కకూడదన్నది ఆయన వాదం. అప్పట్లో చాలామంది నవ్వారు. 2008లో ఈక్వెడార్ దేశం తన రాజ్యాంగంలోనే ప్రకృతికి హక్కులు రాసుకుంది. అక్కడి ఆదివాసులు భూమితల్లిని పచమామ అంటారు. ఆ పేరే రాజ్యాంగంలోకి వచ్చింది. 71వ అధికరణం ప్రకారం ఏ మనిషైనా, ఏ సమూహమైనా ప్రకృతి హక్కులను అమలు చేయమని ప్రభుత్వాన్ని అడగొచ్చు. నా పట్టా ఇది అని చూపించాల్సిన పని లేదు.

మమ్మల్ని ఎక్కువ ఆపింది 72వ అధికరణం. ప్రకృతికి తిరిగి బాగుపడే హక్కు ఉందని అందులో ఉంది. దాని మీద బతికే మనుషులకు ఇచ్చే నష్టపరిహారం వేరు, ఈ హక్కు వేరు అని కూడా ఉంది. అంటే ముగ్గురు రైతులకు డబ్బులు ఇచ్చి మట్టిని అక్కడే వదిలేయడం కుదరదు. రైతుల బాకీ రైతులకు, వాగు బాకీ వాగుకు. మా అర్జీలో దొరకని గడి ఇదే.

ఆ దేశంలో మొదట గెలిచిన కేసు కూడా మా కథలాంటిదే కావడం మాకు ఆశ్చర్యం వేసింది. లోహా రాష్ట్రంలో విల్కబాంబ అనే నది ఉంది. రోడ్డు వెడల్పు చేస్తూ అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం రాళ్లు, మట్టి ఆ నదిలో పోయించింది. నది ప్రవాహం మారి వరదలు వచ్చాయి. 2011 మార్చిలో అక్కడి కోర్టు నది పక్షాన తీర్పు ఇచ్చింది. నదిని బాగు చేయాలని చెప్పింది. అమలు మాత్రం నెమ్మదిగా, అరకొరగా సాగింది. తీర్పు రావడం ఒకటి, మట్టి లేవడం ఒకటి అని ఆ కేసు కూడా నేర్పుతుంది.

చిత్తడి నేలకే హక్కు ఇచ్చిన చట్టం స్పెయిన్‌లో ఉంది. ముర్సియా ప్రాంతంలో మార్ మెనోర్ అనే ఉప్పునీటి సరస్సు ఉంది. మన పులికాట్ లాంటిది. దాని విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. చుట్టూ పొలాల్లో వేసిన ఎరువుల నైట్రేట్లు కొట్టుకొచ్చి నీళ్లలో నాచు పెరిగింది. నాచు కుళ్లి నీళ్లలో ప్రాణవాయువు తగ్గింది. 2019లో, మళ్లీ 2021లో టన్నులకొద్దీ చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అక్కడి జనం ఊరుకోలేదు. 6 లక్షలకు పైగా సంతకాలు సేకరించి చట్టసభ ముందు పెట్టారు. 2022 సెప్టెంబరు 30 నాటి చట్టంతో ఆ సరస్సు, అది నీళ్లు తెచ్చుకునే పరీవాహకం కలిసి ఒక చట్టబద్ధమైన వ్యక్తి అయ్యాయి. ఉండే హక్కు, తన తీరున తాను మారే హక్కు, కాపాడబడే హక్కు, పాడైతే బాగుపడే హక్కు, అన్నీ రాశారు. దాని తరఫున ఏ పౌరుడైనా కోర్టుకు పోవచ్చు. ఆ చట్టం చెల్లదని వేసిన కేసును 2024 నవంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

ఈ చట్టంలో మాకు నచ్చింది పరీవాహకాన్ని కూడా కలపడం. సరస్సును ఒక గిన్నెలా చూస్తే దానికి హక్కు ఇచ్చినా లాభం లేదు. నీళ్లు వచ్చే దారి కూడా దాని ఒంట్లో భాగమే. మా కుంట మీద ఎవరూ చెయ్యి వేయలేదు. దానికి నీళ్లు వచ్చే గొంతు పిసికారు.

ఈ సంగతులన్నీ మేం గ్రామసభలో చెప్పాం. చెప్పడం అయ్యాక మా ఊరి పెద్దావిడ ఒకరు లేచి ఇట్లా అడిగింది: “అంతా మంచిగనే ఉంది సారూ. గని కుంట మాట్లాడదు గదా. దాని తరఫున మాట్లాడేది ఎవరు? గార్డు సారా? రేపు ఆయనొచ్చి, కుంటకు హక్కుంది, మీరు కూర ఏరొద్దు, చేప పట్టొద్దు అంటే ఏం చేద్దాం?”

సభలో ఎవరూ నవ్వలేదు. ఆ ప్రశ్న వెనక మా జీవితం మొత్తం ఉంది. అడవిని కాపాడటం అనే మాట మేం విన్నప్పుడల్లా దాని వెంట ఒక కందకం, ఒక కంచె, ఒక ప్లాంటేషన్, ఒక కేసు వచ్చాయి. అభయారణ్యం పేరుతో, పులుల పేరుతో ఊళ్లు ఖాళీ చేయించడం మన దేశంలో చాలాచోట్ల జరిగింది. ఇప్పుడు నీళ్ల పేరుతో కూడా అదే జరిగితే? కుంట హక్కు, మా హక్కు కొట్టుకుంటే ఏది గెలుస్తుంది? ఈ భయానికి సమాధానం చెప్పకుండా ప్రకృతి హక్కుల గురించి ఆదివాసి ఊళ్లో మాట్లాడకూడదు.

ఆమె ప్రశ్నను పట్టుకుని మేం మళ్లీ చదివాం. ఈసారి హక్కు ఎక్కడ ఇచ్చారని కాకుండా, ఆ హక్కును ఎవరి చేతిలో పెట్టారని చూశాం.

మన దేశంలో 2017 మార్చి 20న ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమున నదులను చట్టబద్ధమైన వ్యక్తులుగా ప్రకటించింది. వాటికి తల్లిదండ్రుల స్థానంలో ఎవరిని నిలిపింది? నమామి గంగే డైరెక్టరు, రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, అడ్వకేట్ జనరల్. ఒడ్డున బతికే పల్లెకారులు లేరు, రైతులు లేరు. ఆ నదులు ఎన్నో రాష్ట్రాల గుండా పోతాయి, వరద వచ్చి మనుషులు చస్తే నది మీద కేసు వేస్తారా, ఆ పరిహారం మేం కట్టాలా అని ఉత్తరాఖండ్ ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు పోయింది. 2017 జూలై 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. కన్నవాళ్లుగా నిలబెట్టినవాళ్లే బిడ్డ మాకొద్దు అన్నట్టయింది.

2020 మార్చి 2న పంజాబ్ హర్యానా హైకోర్టు చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సును ప్రాణమున్న వ్యక్తిగా ప్రకటించింది. అది 1958లో వాగుకు అడ్డంగా కట్ట కట్టి చేసిన సరస్సు. మనిషి కట్టిన చెరువుకు కూడా ప్రాణం ఉందని కోర్టు ఒప్పుకోవడం మాలాంటి కుంటల ఊళ్లకు చాలా పెద్ద మాట. అక్కడ చండీగఢ్ పౌరులందరినీ దానికి సంరక్షకులుగా నిలిపారు. అందరూ అంటే మంచిదే. కానీ మా ఊళ్లో అందరి పని అంటే ఎవరూ చేయని పని అని అర్థం. పేరు పెట్టి చెప్పకపోతే కట్ట మీద గండి కూడా పూడదు.

న్యూజీలాండ్‌లో వేరే దారి పట్టారు. వాంగనూయి అనే నది 290 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. దాని ఒడ్డున ఉండే మావోరీ తెగలు నది మాదని 19వ శతాబ్దం నుంచి కొట్లాడాయి. 1938 నుంచి కోర్టుల్లో తిరిగాయి. చివరికి 2017 మార్చిలో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. నది కొండ నుంచి సముద్రం దాకా, నీళ్లు, అడుగు, ప్రాణులు, దాని ఆత్మ కలిపి ఒకే వ్యక్తి. నది తరఫున మాట్లాడటానికి ఇద్దరిని పెట్టారు. ఒకరిని ప్రభుత్వం పంపుతుంది, ఒకరిని నది మీద బతికే తెగలు పంపుతాయి. నది ఆరోగ్యానికి 3 కోట్ల న్యూజీలాండ్ డాలర్ల నిధి కూడా పెట్టారు. ఆ నది, తాము ఒకటేనని మావోరీలు చెబుతారు. అందుకే అక్కడ నదికి హక్కు వచ్చింది కాబట్టి మీరు జరగండి అని వాళ్లను ఎవరూ అనలేరు. నది హక్కు వాళ్ల కొట్లాట కడుపులోంచే పుట్టింది.

అమెరికాలోని ఒజిబ్వే ఆదివాసుల సంగతి కూడా మన వాళ్లు తెలుసుకోవాలి. మిన్నెసోటా రాష్ట్రంలో వైట్ ఎర్త్ అనే వాళ్ల రిజర్వేషన్ ఉంది. అక్కడి సరస్సుల్లో, జౌకుల్లో మనూమిన్ అనే అడవి వరి పండుతుంది. పడవలో పోయి కర్రలతో గింజలను పడవలోకి రాలుస్తారు. అది వాళ్ల తిండి, వాళ్ల దేవుడి వరం. మా నివ్వరి లాంటిదే అనుకోండి. 2018లో ఆ తెగ సొంతంగా చట్టం చేసి మనూమిన్‌కు హక్కులు ఇచ్చింది. మంచి నీరు, మంచి నేల, బతికే హక్కు. ఆ దారిలో ఒక చమురు పైపులైను పని వచ్చింది. దానికోసం సుమారు 500 కోట్ల గ్యాలన్ల నీళ్లు తోడటానికి రాష్ట్ర ప్రభుత్వ శాఖ అనుమతి ఇచ్చింది. 2021 ఆగస్టులో మనూమిన్ పేరునే ముందు పెట్టి తెగ కోర్టులో కేసు వేశారు. 2022 మార్చిలో తెగ అప్పీలు కోర్టే ఆ కేసును కొట్టేసింది. ఆ పని రిజర్వేషన్ హద్దు బయట జరిగింది, చేసినవాళ్లు తెగవాళ్లు కారు, కాబట్టి తమ అధికారం అక్కడికి పారదని చెప్పింది.

ఈ నాలుగు చోట్ల నుంచి మేం రెండు సంగతులు పట్టుకున్నాం. నీళ్ల మీద రోజూ బతికేవాళ్లను పేరు పెట్టి సంరక్షకులుగా నిలపకపోతే నీటి హక్కు కాగితంగానే ఉంటుంది, లేదా మన మీదికే కర్రలా వస్తుంది. అట్లని మన ఊరి తీర్మానం ఒక్కటే ఉన్నా చాలదు. నీళ్లు ఊరి హద్దు పైనుంచి వస్తాయి. పైన కూడా చెల్లే చట్టం కావాలి.

మన చేతిలో ఇప్పటికే ఉన్నవి ఏమిటో కూడా చూసుకోవాలి. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న జలవనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని చెప్పింది. ఊరి ఉమ్మడి వనరులను, ఆచారాలను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని చెప్పింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చేపల మీద, నీళ్లలో దొరికే వాటి మీద సామూహిక హక్కు ఇచ్చింది. అదే చట్టంలో 5వ సెక్షన్ నీటి వనరులను, వాటి పరీవాహకాన్ని కాపాడే అధికారం, బాధ్యత గ్రామసభకు ఇచ్చింది. పోడు పట్టాల కోసం ఆ చట్టాన్ని మన ఊళ్లన్నీ చదివాయి. 5వ సెక్షన్ చదివిన ఊళ్లు తక్కువ.

గ్రామసభ మాటకు ఎంత బలం ఉంటుందో నియమగిరి చూపించింది. ఒడిశాలో ఆ గుట్ట మీద బాక్సైటు తవ్వకం సంగతి 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలింది. 12 గ్రామసభలు పెట్టారు. డోంగ్రియా కోంధులు తమ నియమరాజు ఉండే గుట్టను ఇవ్వమని 12 చోట్లా చెప్పారు. గుట్ట తరఫున మాట్లాడింది గుట్ట మీద ఉన్నవాళ్లే. అక్కడ గుట్టకు వ్యక్తి హోదా లేదు. అయినా పని జరిగింది. అదే హోదా కూడా ఉండి ఉంటే, మళ్లీ మళ్లీ కొట్లాడాల్సిన అవసరం తగ్గేది.

లోటు ఎక్కడుందంటే, చిత్తడి నేలల కోసం కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల్లో. అందులో చిత్తడి నేలకు నిర్వచనం ఉంది. నదీ ప్రవాహాలు, వరి పొలాలు, సాగునీటి కోసమో తాగునీటి కోసమో మనిషి కట్టినవి ఆ లెక్కలోకి రావని ఉంది. మా కట్ట మా ముత్తాతలు పోశారు కాబట్టి మా కుంట ఆ లెక్కలోకి రాదు. చేపలకు, కొంగలకు కట్ట ఎవరు పోశారో తెలియదు. తెలంగాణలో ఇట్లాంటి చెరువులు, కుంటలు 46 వేలకు పైగా ఉన్నాయి.

కొల్లేరు కూడా మనకు పాఠమే. 1999లో దాన్ని అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు యంత్రాలతో పగలగొట్టారు. తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. సరస్సును నమ్ముకుని బతికే చిన్నవాళ్లను సంరక్షకులుగా నిలపకుండా గట్టు పగలగొడితే, డబ్బున్నవాడు రాత్రికి రాత్రి మళ్లీ కట్టగలడు. పేదవాడే బయట మిగులుతాడు.

ఇంత చదివాక మేం గ్రామసభలో తీర్మానం రాశాం. భాష పెద్దది కాదు. మా కుంటకు, దాని జౌకుకు, దానికి దిగే వాగుకు కలిపి ఒకే ప్రాణం. దానికి నీళ్లు రావాలి, నిలవాలి, మత్తడి దుంకి పోవాలి. చేప ఎదురెక్కే దారి ఉండాలి. దానిలో మట్టి, చెత్త, మందు పోయకూడదు. పాడు చేసినవాళ్లే బాగు చేయాలి. దాని తరఫున మాట్లాడటానికి ఐదుగురు ఉంటారు: కూర ఏరే ఆడవాళ్లు ఇద్దరు, చేపలు పట్టేవాళ్లలో ఒకరు, మత్తడి కింది రైతు ఒకరు, వడ్డె ఒకరు. లెక్క రాయడానికి బడి పంతుళ్లం మేం ఉంటాం, మాకు ఓటు లేదు. కుంట హక్కు చెప్పి ఊరివాళ్లు కూర, చేప, పశువులకు నీళ్లు తీసుకోవడాన్ని ఆపే అధికారం ఎవరికీ లేదని కూడా రాశాం. ఆ పెద్దావిడ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుని, అప్పుడు వేలిముద్ర వేసింది. ఐదుగురిలో ఆమె ఒకరు.

తీర్మానం మమ్మల్ని కూడా కట్టేసింది. జౌకు ఒక పక్క ఎండగానే మా వాళ్లే ఇద్దరు అందులో పత్తి వేయడానికి నాగలి కట్టారు. వాళ్లకు వేరే భూమి లేదు. వాళ్లది దురాశ అనడానికి మాకు నోరు రాలేదు. రెండు సభలు పట్టింది. చివరికి కుంట చేపల్లో ఆ రెండు ఇళ్లకు ఒక వాటా ఎక్కువ ఇవ్వాలని, జౌకు జౌకుగానే ఉండాలని తేల్చారు. బ్లీచింగు పొడి పోసి చేపలు పట్టే కుర్రాళ్లకు కూడా తప్పు కట్టే కట్టుబాటు పెట్టారు. నీటికి హక్కు అంటే బయటివాడి మీద పెట్టే కేసు ఒక్కటే కాదని ఊరికి అప్పుడు అర్థమైంది.

తీర్మానం నకలు, అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ జత చేసి మళ్లీ అర్జీ పెట్టాం. ఈసారి నష్టపోయినవారి పేరు అన్నచోట కుంట పేరు రాశాం. ఆఫీసులో ఆ కాగితాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. చివరికి తీసుకున్నారు, ముద్ర వేశారు. మొన్న ఎండాకాలం మట్టి కొంత ఎత్తారు. వాగు నోరు సగం తెరుచుకుంది. రాళ్లు ఇంకా ఉన్నాయి. రోడ్డు కింది పైపు ఇంకా ఎత్తు మీదే ఉంది. పోయిన వానాకాలం కుంట మూడొంతుల్లో రెండొంతులు నిండింది, మత్తడి మాత్రం దుంకలేదు. ఆ పైపు కోసం అర్జీ నడుస్తూనే ఉంది.

మన రాష్ట్రాల్లో కుంటలకు, చెరువులకు, జౌకులకు వ్యక్తి హోదా ఇచ్చే చట్టం రావాలి. మనిషి కట్టిందా, తనంతట పుట్టిందా అని చూడకూడదు. పరీవాహకం అందులో కలిసి ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సంరక్షకులను ఎన్నుకునేది గ్రామసభే కావాలి. నీటి హక్కు, నీటి మీద బతికేవాళ్ల హక్కు ఒకే కాగితంలో ఉండాలి. ఒకటి రాసి రెండోది మరిచిపోతే ఆ చట్టాన్ని మనం ఒప్పుకోకూడదు.

అది వచ్చేదాకా మన పని మనం చేయొచ్చు. ఈ పుస్తకం చదివే టీచర్లు, వార్డు సభ్యులు, చదువుకున్న పిల్లలు తమ ఊరి నీళ్ల పేర్లు రిజిస్టరులో రాయించండి. వాగు ఎక్కడ పుడుతుంది, ఏ దారిన వస్తుంది, ఏ చేపలున్నాయి, ఏ కూరలున్నాయి, ఎవరెవరు దాని మీద బతుకుతున్నారు, అన్నీ. మా బడిలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలు మా కుంట లెక్క రాశారు. చేపలు పద్నాలుగు రకాలు, కూరలు తొమ్మిది, పక్షులు ఇరవై మూడు. పేర్లు కోయలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస. తెలుగు పేరు దొరకని చోట ఖాళీ వదిలారు. రేపు ఎవరైనా వచ్చి నష్టం ఎవరికి అని అడిగితే, చూపించడానికి ఆ రిజిస్టరు మా బడి బీరువాలో ఉంది.